గొంతెత్తని ఇల్లు

కంచాల ముందు నలుగురూ కూర్చున్నారు గానీ ఎవరి నోటా మాట లేదు.

నిన్న సాయంత్రం నుంచీ అంతే. ఐసు ఫ్యాక్టరీ వాకిట్లో, పనివాళ్ళందరి ముందూ, కోడలు మామగారి ఎదురుగా నిలబడి, "ఒక మనిషి ఆస్పత్రి పాలయ్యాడు. ఇంకొకరి ప్రాణం పోతే గానీ ఆ మిషను వాల్వు మార్చరా?" అని అరిచింది. మామగారు కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయారు. అప్పటి నుంచి ఆ ఇంట్లో గిన్నెలు కూడా ఒకదానికొకటి తగలకుండా జాగ్రత్త పడుతున్నాయి.

ఇల్లూ ఫ్యాక్టరీ ఒకే గోడకి అటూ ఇటూ ఉన్నాయి. మిషను ఆడుతున్నంతసేపూ ఇంట్లో నేల సన్నగా వణుకుతూ ఉంటుంది. కాపురానికొచ్చిన కొత్తలో ఆ వణుకుకి ఆమెకు నిద్ర పట్టేది కాదు. ఇప్పుడు అది ఆగిపోయాక ముద్ద దిగడం లేదు.

"ఇంకాస్త వడ్డించనా?" అన్నారు అత్తగారు.

"వద్దు," అన్నారు మామగారు.

ఆ పొద్దుటి సంభాషణంతా అంతే. ఆయన లేచి చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళారు. భర్త కూడా లేచాడు. కోడలు ఎంగిలి చేత్తోనే అతని వెనకాల పరిగెత్తింది.

"ఏమండీ, ఏదో ఒకటి అనండి. పోనీ నన్ను తిట్టండి."

"ఎందుకు తిట్టడం?"

"మీ నాన్నగారిని అంతమందిలో అనేశాను కదా. కోపం రాలేదా?"

అతను కుళాయి కట్టేసి, తువ్వాలుతో ఒక్కో వేలూ తుడుచుకున్నాడు. తండ్రి కళ్ళజోడు తుడుచుకున్నట్టే ఉంది వాలకం.

"ఆపరేటర్ ఆస్పత్రిలో ఉన్నాడు. రేపో ఎల్లుండో మిషను పెడితే ఆ వాల్వు దగ్గర నిలబడేది ఎవరు?" అంది ఆమె.

"ఎవరో ఒకరు నిలబడాలిగా."

"అంటే మీరే!"

అతను తువ్వాలు మడిచి తీగ మీద వేశాడు. మిషను వెనక, గోడకీ గొట్టాలకీ మధ్య, మనిషి పక్కకి తిరిగితే గానీ పట్టని సందులో ఉంది ఆ వాల్వు. నిన్న పొద్దున ఆపరేటర్ దాన్ని బిగించబోయి వంగితే అమ్మోనియా గ్యాసు నేరుగా ముఖాన కొట్టింది. కళ్ళకి కట్లు కట్టారు. చూపు సంగతి ఇప్పుడే చెప్పలేమన్నారు డాక్టర్లు.

"వాల్వు మార్చేదాకా మిషను దగ్గరికి వెళ్ళనని మీ నాన్నగారితో చెప్పండి. ఒక్క మాట చాలు."

"చెప్పక్కర్లేదు. నాకు ఇష్టం లేదని ఆయనకి తెలుసు."

"చెప్పకుండా ఎలా తెలుస్తుంది?"

అతను ఆమె వంక వింతగా చూశాడు. "రెండు పూటల నుంచీ కూర వేసుకోవడం లేదు కదా నేను. చూళ్ళేదా?"

ఆమె చూళ్ళేదు. చూసినా కడుపులో బాగోలేదేమో అనుకునేది. నవ్వొచ్చింది, దాని వెనకే ఏడుపొచ్చింది. కూర వేసుకోకపోవడం కూడా ఒక వాదనేనా? ఎవడైనా గ్యాసుకి ఎదురెళుతూ ఉత్త అన్నం తిని ఊరుకుంటాడా?

ఆమె పుట్టింటి సంగతి వేరు. తాతల నాటి నుంచీ కూరగాయల మార్కెట్లో వేలం పాడే కుటుంబం అది. బస్తాల మధ్య నిలబడి వందమందిని మించి అరవగలిగితేనే అక్కడ మనిషి కింద లెక్క. ఆ గొంతులే ఇంటికీ వచ్చేవి. కిటికీ తియ్యాలా వెయ్యాలా అన్నదానికి కూడా ఇల్లు పీకి పందిరి వేసేవాళ్ళు. నీ మొహం అంటే నీ మొహం అనుకునేవాళ్ళు. గంట తిరక్కుండా ఒకే కంచంలో చెయ్యి పెట్టి తినేవాళ్ళు. ఎవరైనా ఎదురు చెప్పలేదంటే ఒప్పుకున్నట్టు. ఎవరినైనా తిట్టడం మానేశారంటే ఆ మనిషి మీద ఆశ వదులుకున్నట్టు. అన్నట్టు, ఆ ఇంట్లో అందరికంటే తక్కువ మాట్లాడేది ఈమే. అన్నయ్య ఆమెను ఇప్పటికీ "మూగమ్మా" అనే పిలుస్తాడు.

ఈ ఇంట్లో ఆ పేరు చెబితే ఎవరూ నమ్మరు.

ఇక్కడ తాతా, తండ్రీ, కొడుకూ మిషను పక్కనే పెరిగారు. అది ఆడుతుంటే చెవిలో నోరు పెట్టి అరిచినా వినపడదు. అందుకని అరవడం ఎప్పుడో మానేశారు. చేతి సైగ, కనుబొమ్మ, తల ఊపు, వాటితోనే పని జరిగిపోతుంది. ఫ్యాక్టరీలో అలవాటైన పద్ధతే గోడ దాటి ఇంట్లోకీ వచ్చింది. పెళ్ళైన కొత్తలో భర్త ఆమెకు సరదాగా కొన్ని సైగలు నేర్పాడు. పిడికిలి బిగించి పైకెత్తితే ఆపమని, అరచెయ్యి చాపితే ఇలా ఇమ్మని. ఇంట్లో వాడే సైగలు మాత్రం ఎవరూ నేర్పలేదు. నేర్పాల్సినవి ఉన్నాయని వాళ్ళకే తెలియదు పాపం.

"మీ వాళ్ళు అసలు ఎప్పుడూ అరవరా?" అని ఒకసారి అత్తగారిని అడిగింది.

"ప్రాణం మీదికొస్తే అరుస్తారేమో. నేనింతవరకూ వినలేదమ్మాయ్," అన్నారు ఆవిడ. ఆ మాటకి అప్పుడు నవ్వుకుంది కోడలు.

కంచాలు కడిగి వంటింట్లోకి వచ్చేసరికి స్టవ్వు పక్క గోడకున్న మేకుకి ఒక తాళంచెవి వేలాడుతోంది. పొడుగాటి ఇనప తాళంచెవి. నిన్న అక్కడ లేదు. ఉంటే ఉంది లెమ్మని, గట్టు తుడిచిన తడిగుడ్డని పిండి, ఆ తాళంచెవి మీదే ఆరేసింది. ఆ ఇంట్లో గుడ్డ ఆరేయడానికి మేకే దొరకదు మరి.

అత్తగారు గుమ్మంలో నిలబడి ఆ గుడ్డని చూశారు. నోరు తెరిచారు. మళ్ళీ మూసుకున్నారు.

"ఏంటత్తయ్యా?"

"ఏం లేదు," అని వెళ్ళిపోయారు ఆవిడ.

కోడలికి ఇంక ఓపిక నశించింది. పెరట్లోకి వెళ్ళి ఫోన్ తీసి అన్నయ్యకి చేసింది.

"ఒరే అన్నయ్యా, నువ్వు రావాలి. వీళ్ళెవరూ ఏమీ మాట్లాడటం లేదు. నాకు భయంగా ఉంది."

"మాట్లాడకపోతే మాట్లాడిస్తాను. నువ్వు టీ పెట్టి ఉంచు మూగమ్మా," అన్నాడు అన్నయ్య. ఆ గొంతు ఫోన్లోంచి పెరడంతా వినిపించింది. ఎన్నాళ్ళకో ఒక మనిషి మాట విన్నట్టై ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

అన్నయ్య మధ్యాహ్నానికి దిగాడు. మార్కెట్లో అతన్ని 'మైకు' అంటారు. గేటు దగ్గరి పలకరింపులోనే ఐసు కోసం వచ్చి తిరిగిపోతున్న తోపుడుబళ్ళ వాళ్ళు ఆగి వెనక్కి చూశారు.

ముందు గదిలో మామగారికి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. భర్త కిటికీ దగ్గర నిలబడ్డాడు. కోడలు టీ తెచ్చి పెట్టింది.

"మావయ్యగారూ, ముందే చెప్తున్నా. నాకు దాపరికం లేదు. మీరు నన్ను నాలుగు అనండి, నేను మిమ్మల్ని నాలుగు అంటాను. తర్వాత ఇద్దరం కలిసి టీ తాగుదాం."

"టీ తాగండి. చల్లారిపోతుంది," అన్నారు మామగారు.

"టీ ఎక్కడికి పోతుందండీ! మా బావ ప్రాణం సంగతి చెప్పండి ముందు. ఆ వాల్వు పాడైందని తెలుసా, తెలీదా?"

మామగారు గ్లాసు చుట్టూ వేలు తిప్పారు.

"తెలుసు! తెలిసే నిన్నటిదాకా మిషను తిప్పారు. ఆ ఆపరేటర్‌కి కళ్ళు పోతే వాళ్ళింటికెళ్ళి ఏం చెప్తారు? ఎండలు మండుతున్నాయి, ఐసు అడుగుతున్నారు, అందుకే తిప్పాం అని చెప్తారా?"

అన్నయ్య ఎదుటివాడి దెబ్బ కోసం ఒక క్షణం ఆగాడు. వేలంలో ఎవడో ఒకడు పై పాట పాడాలి కదా. ఎవడూ పాడలేదు. దాంతో తనే ఇంకొంచెం పైకి పాడాడు.

"ఏదో ఒకటి అనండి! నువ్వెవడివిరా అడగడానికి అనండి, వింటాను. నోరు మూసుకుని కూర్చుంటే ఎలాగండీ?"

"అన్నయ్యా, కాస్త మెల్లిగా," అంది ఆమె. ఎందుకన్నదో ఆమెకే తెలియదు. అత్తగారు వంటింటి గుమ్మంలోంచి వెనక్కి తగ్గడం కంటబడింది.

"మెల్లిగా ఏంటే! మెల్లిగా చెబితే వినే రకమా ఇది?" అన్నయ్య బల్ల మీద అరచేత్తో గట్టిగా కొట్టాడు. టీ తొణికి మామగారి చొక్కా మీద పడింది. "కన్నకొడుకుని గ్యాసుకి ఎర వేసే తండ్రిని నేను ఎక్కడా చూళ్ళేదు!"

కిటికీ దగ్గర భర్త ముఖం పాలిపోయింది.

పుట్టింట్లో అయితే ఈ మాటకి తండ్రి చెప్పు తీసుకునేవాడు. పిన్ని అడ్డం పడేది. పది నిమిషాలు రణగొణధ్వని, ఆ తర్వాత ఎవరో ఒకరు ఫక్కున నవ్వేవాళ్ళు. అక్కడ ఆ మాటకి అంతకు మించి విలువ లేదు. ఇక్కడ ఆ మాట నేల మీద పడి అలాగే ఉండిపోయింది. తీసేవాళ్ళు లేరు.

మామగారు కళ్ళజోడు తీశారు. తుడుచుకోలేదు. మడిచి జేబులో పెట్టుకున్నారు.

"మీరన్నది నిజమే కావచ్చు," అన్నారు, మామూలు గొంతుతో. "విని అనడం ఎందుకు? కళ్ళారా చూద్దురుగాని, రండి."

ఆయన లేచి వంటింట్లోకి నడిచారు. మేకు మీది తడిగుడ్డని తీసి, నాలుగు మడతలు పెట్టి, గట్టు మీద ఉంచారు. తాళంచెవి తీసుకుని పెరటి గుమ్మం గుండా ఫ్యాక్టరీ వైపు వెళ్ళారు. భర్త చెప్పులేసుకుని వెనకే వెళ్ళాడు. వెళుతూ ఆమె వైపు చూశాడు. ఏమీ అనలేదు.

అన్నయ్య ముఖం వెలిగిపోతోంది. చెల్లెలి భుజం మీద చరిచాడు.

"చూశావా? ఒక్క ముక్క ఎదురు చెప్పలేకపోయాడు మీ మామగారు. స్వయంగా తీసుకెళ్ళి చూపిస్తానంటున్నాడు. ఇంక వాల్వు మార్చినట్టే. ఉండు, నేనూ చూసొస్తా."

ఆమెకూ ఊపిరి ఆడింది. అన్నయ్య టీ ఒక్క గుక్కలో తాగి వాళ్ళ వెనకే ఉరికాడు. ఖాళీ గ్లాసులు తీసుకుని ఆమె వంటింట్లోకి వచ్చింది.

అత్తగారు ఖాళీ మేకుని చూస్తూ నిలబడి ఉన్నారు.

"అమ్మాయ్, పొద్దున ఆ తాళంచెవి అక్కడ ఎవరు తగిలించారనుకున్నావ్?"

"మీరే కదా?"

"నేను దాన్ని ముట్టుకోను. అది మిషను గది తాళంచెవి. పగలంతా ఆయన జేబులో ఉంటుంది, పడుకుంటే తలగడ కింద ఉంటుంది. వాళ్ళ నాన్న పోయిన రోజు ఒకసారి దాన్ని ఆ మేకుకి తగిలించారు. మళ్ళీ ఇవాళ పొద్దున్నే, నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు తగిలించారు."

కోడలి చేతిలో గ్లాసులు ఒకదానికొకటి తగిలాయి. "అంటే?"

"అంటే మిషను పెట్టననే. వాల్వు మార్చాకే ముడతానని. నీ మాటే నెగ్గింది అమ్మాయ్. కొడుకు కూర వేసుకోవడం లేదని ఆయన చూళ్ళేదా? రాత్రి నువ్వు ఏడ్చింది ఆయన వినలేదా? ఆయన నీకు చెప్పాల్సింది చెప్పేశారు."

"నోటితో చెప్పొచ్చుగా అత్తయ్యా! ఒక్క మాట!"

"ఇంతకంటే గట్టిగా ఎలా చెప్తారు?" ఆవిడ నిజంగానే అడిగారు. "నువ్వేమో దాని మీద తడిగుడ్డ ఆరేశావు. పోనీలే, కొత్తపిల్ల అనుకున్నాం. ఈలోగా మీ అన్నయ్యని పిలిచావు. కొడుకుని ఎర వేసే తండ్రి అన్నాడు ఆ అబ్బాయి. ఇప్పుడు మిషను పెట్టకపోతే ఆ మాట నిజమని ఒప్పుకున్నట్టు కాదూ? ఎవరో వచ్చి బల్ల గుద్దితే బెదిరిపోయినట్టు కాదూ?"

"మీకు పొద్దుటే తెలుసు. నాకెందుకు చెప్పలేదు?"

"ఆయన నీతో అన్న మాట మధ్యలో నేనెలా అందుకుంటాను?"

కోడలు ఖాళీ మేకు వైపు చూసింది. తను అడిగింది పొద్దునే చేతికొచ్చింది. తన కళ్ళ ముందు, తన చేతి ఎత్తులో వేలాడింది. దాని మీద గుడ్డ ఆరేసి, ఇంకొకరిని పిలిచి, ఉన్నదంతా ఊడగొట్టుకుంది.

అప్పుడు పాదాల కింద నేల సన్నగా వణికింది.

గట్టు మీద గిన్నెలు గలగలమన్నాయి. గోడ అవతల మిషను అందుకుంది.

"అత్తయ్యా! మీరొచ్చి చెప్పండి!"

"నా మాట వినే వేళ దాటిపోయింది." ఆవిడ గొంతు ఇంకా తగ్గింది. "నువ్వు వెళ్ళు. కానీ అరవకమ్మాయ్, నీకు పుణ్యముంటుంది. నువ్వు అరిచినకొద్దీ ఆయన పంతం పెరుగుతుంది."

కోడలు గట్టు మీది మడత గుడ్డని అందుకుని, బకెట్లో ముంచి, నీళ్ళు కారుతుండగానే పరిగెత్తింది.

మిషను గది తలుపు బార్లా తీసి ఉంది. పెద్ద చక్రం గిర్రున తిరుగుతోంది. బెల్టు బుసలు కొడుతోంది. మామగారు స్విచ్ పక్కన నిలబడ్డారు, చొక్కా మీద టీ మరక అలాగే ఉంది. ఆయనకి ఇవతల అన్నయ్య చేతులు ఊపేస్తూ, మెడ నరాలు పొంగించి అరుస్తున్నాడు. మార్కెట్టంతా వినిపించే ఆ గొంతు ఇక్కడ పెదవుల దగ్గరే ఆగిపోయింది. ఏమంటున్నాడో ఒక్క అక్షరం వినపడలేదు. వింతగా ఉంది చూడటానికి. నిన్నటిదాకా ఆమె కూడా ఇలాగే కనిపించి ఉంటుంది వీళ్ళకి.

భర్త కనిపించలేదు. మిషను వెనక సందులో అతని చెప్పు ఒకటి మాత్రం కనిపించింది.

ఆమె గొంతు దాకా కేక వచ్చింది. పళ్ళు బిగబట్టి మింగేసింది. పుట్టి బుద్ధెరిగాక ఆమె మింగిన మొదటి కేక అది. ఆ ఇంటివాళ్ళకి కూడా మింగడం ఇంత కష్టమై ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదు.

నడిచి వెళ్ళి మామగారి ముందు, నూనె మరకల నేల మీద, చతికిలబడి కూర్చుంది. తలెత్తి ఆయన కళ్ళలోకి చూసింది. కుడిచెయ్యి ముందుకి చాపి అరచెయ్యి తెరిచింది.

ఇలా ఇవ్వండి. మళ్ళీ మేకుకి తగిలిస్తాను. ఎవరూ ఏమీ అనలేదు, ఎవరూ ఏమీ వినలేదు.

ఇదంతా ఒక్క అరచేతిలో పడుతుందో లేదో ఆమెకు తెలియదు. అన్నయ్య వచ్చి రెక్క పట్టుకుని లాగాడు. ఆమె కదల్లేదు. చాపిన చెయ్యి చాపినట్టే ఉంచింది.

మామగారు ఆమెనే చూస్తున్నారు. ఆయన గడ్డం అదిరింది. ఇంట్లో అడుగు పెట్టిన ఇన్ని నెలల్లో ఆయన కళ్ళు నీళ్ళతో నిండటం ఆమె చూడలేదు. కాసేపటికి ఆయన చెయ్యి మెల్లిగా జేబు వైపు వెళ్ళింది. తాళంచెవి సగం బయటికి వచ్చింది. రెండో చెయ్యి స్విచ్ మీదికి వెళ్ళింది.

ముందు ఆమె ముక్కుకి తెలిసింది. సూదిలా గుచ్చే ఘాటు. ఆ తర్వాత మిషను వెనక నుంచి తెల్లటి పొగ, పాల మీద పొంగులా, ఒక్కసారిగా పైకి లేచింది.

"ఒరేయ్! బయటికి రారా!"

ఆ కేక ఎక్కడి నుంచి వచ్చిందో ఒక క్షణం ఎవరికీ అర్థం కాలేదు. మిషను చప్పుడుని చీల్చుకుని వచ్చింది. మామగారు అరిచారు. స్విచ్ కొట్టేసి, తాళంచెవి నేల మీద వదిలేసి, మళ్ళీ అరిచారు. అన్నయ్య చెల్లెల్ని నడుం పట్టి ఎత్తి తలుపు బయటికి లాక్కొచ్చాడు. ఆమె చేతిలోని తడిగుడ్డని మామగారు లాక్కున్నారు. ముఖానికి అడ్డం పెట్టుకుని పొగలోకి దూరారు.

పెరటి గుమ్మంలోకి అత్తగారు పరిగెత్తుకొచ్చారు. చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని అక్కడే ఆగిపోయారు. మామగారు అరవడం ఆవిడ విన్నారు. దాని అర్థం ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు.

చక్రం తిరిగి తిరిగి ఆగింది. పెరడంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది.

లోపల మామగారు పిలుస్తూనే ఉన్నారు. "పలకరా! ఒక్క మాట పలకరా నాయనా!"

బదులు రాలేదు.

ఆ ఇంట్లో పలక్కపోవడమంటే కోపమని, అలకని, ఇష్టం లేదని అర్థం. ఆ సంగతి ఆమెకు ఇవాళే తెలిసింది. ఈ మౌనం కూడా అలాంటిదే కావాలని, ఆయన మీద అలిగే ఆయన కొడుకు పలకడం లేదని ఎవరైనా తనతో చెప్పాలని, ఆమె ఖాళీ అరచెయ్యి ఇంకా చాపుకునే, ఆ తెల్లటి పొగ వైపు చూస్తూ నిలబడింది.